పెయింట్ అయ్యాకే అసలు పని: మా పద్మినికి రబ్బర్లు వేయించిన అనుభవం

పాత కారు బాగు చేయించుకున్నవాళ్లు ఇంజను గురించి రాస్తారు, పెయింటు ఫోటోలు పెడతారు. రబ్బర్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. మా పద్మినికి పెయింటు 2025 జనవరి చివర్లోనే అయిపోయింది, కారు షెడ్డు నుంచి ఇంటికొచ్చింది జూన్‌లో. మధ్యలో పోయిన కాలమంతా అద్దాల బీడింగులు, డోర్ రబ్బర్లు, డిక్కీ రబ్బరు, వీటికే పోయింది. అనంతపురం లాంటి ఊళ్లో ఉండి ఈ పని నెత్తిన పెట్టుకునేవాళ్లకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నా.

కారు మా నాయనది. 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని, గేరు స్టీరింగ్ దగ్గరే ఉండే రకం. శెనక్కాయల మండీ నడిపే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, మండీ మూసేశాక టార్పాలిన్ కప్పి పెట్టాం, అది అట్లాగే ఏళ్ల తరబడి ఉండిపోయింది. టింకరింగు, ఇంజను సంగతులు ఇక్కడ చెప్పను. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, కార్ల గురించి నాకు తెలిసిందంతా ఈ ఏడాదిలో తెలిసిందే. షెడ్డుకు ఎప్పుడు పోయినా "సార్ రాలేదా మేడం?" అనే ప్రశ్న మొదట. సార్‌కి స్కూటర్ స్టాండు వేయడమే పెద్ద పని అని ఎన్నిసార్లని చెప్తాం.

కారు విప్పేటప్పుడే ఒక జాగ్రత్త. పాత రబ్బర్లు పారేయనివ్వకండి. షెడ్డులో కుర్రాళ్లకు అవి చెత్త, మనకు అవే కొలతలు. మా ముందు అద్దం రబ్బరు 40 ఏళ్ల ఎండకు అప్పడంలా తయారై, పట్టుకుంటే పెళపెళ విరిగింది. దాన్ని కాపాడాల్సిన పని లేదు, బయటి అంచు చుట్టూ బ్లేడుతో కోసేసి అద్దాన్ని లోపలి నుంచి నెమ్మదిగా నెట్టి తీశారు. కోసిన వాటిలో కాస్త బాగున్న ముక్కలు ఏరుకుని, ఒక్కో చోటుది జానెడు చొప్పున దారంతో కట్టి, చీటీ మీద 'ముందు అద్దం', 'ఎడమ ముందు డోరు', 'డిక్కీ' అని రాసి, మండీ రోజుల నాటి గోతంలో వేసి పెట్టా. మా ఆయన నవ్వాడు. తర్వాత బెంగళూరులో ఆ గోతం లేకపోయుంటే ఉత్త చేతులతో వచ్చేవాళ్లం.

పెయింటు అయిన మర్నాడే రబ్బర్లు ఎక్కించేద్దామని నా తొందర. పెయింటర్ ఒప్పుకోలేదు. మా కారుకు వేసింది 2కే పీయూ పెయింటు, అంటే గట్టిపడే మందు విడిగా కలిపి కొట్టే రకం. పైకి ఒక్క రోజులోనే గట్టిపడినట్టు ఉంటుంది గానీ లోపలున్న సాల్వెంటు పూర్తిగా పోవడానికి టైం పడుతుందట, అది పోకముందే రబ్బరు గట్టిగా ఒత్తుకుని కూర్చుంటే అచ్చు పడుతుందట, తర్వాత ఎప్పుడైనా రబ్బరు పీకితే దాంతోపాటు పెయింటు కూడా లేచి వస్తుందట. ఇక్కడి షెడ్లలో పెయింటు కాల్చే ఓవెన్లు ఉండవు కదా, ఎండే ఓవెను. మూడు వారాలు ముట్టుకోవద్దన్నాడు. ఆ మూడు వారాలు రబ్బర్లు వెతకడానికే సరిపోలేదు.

ముందు ఊళ్లోనే అడిగా. "యాడ దొరుకుతాయి మేడం పద్మినివి? మారుతి 800ది వేసేయండి, అడ్జస్ట్ అయిపోతుంది." ఇంకో షాపులో మీటర్ల లెక్కన అమ్మే ఆటో బీడింగు చూపించారు. పక్కనే ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ, రోజూ ఎన్ని కార్లకు రబ్బర్లు ఎక్కుతుంటాయో, నాకు కావాల్సిన నాలుగు బార్ల రబ్బరు కోసం మాత్రం ఆ ఫ్యాక్టరీ ముందు నుంచే బస్సులో బెంగళూరు పోవాలి.

ఫిబ్రవరి 8, రెండో శనివారం, తెల్లవారి బస్సుకే బయల్దేరి జేసీ రోడ్డుకు పోయాం. మెయిన్ రోడ్డు మీద షాపులన్నీ ఇప్పటి కార్లవే. సందుల్లోకి పోతే పాత సరుకు పెట్టుకున్న కొట్లు కొన్ని ఉన్నాయి. ఒకాయన కన్నడంలో, నేను తెలుగులో, ఇద్దరికీ బాగానే అర్థమైంది. బొంబాయిలో పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్లూ సరుకుకు కరువు లేదని, అవి తగ్గేకొద్దీ రబ్బర్లు పోసేవాళ్లు ఒక్కొక్కరే ఆపేశారని ఆయన మాట. చివరి పద్మిని టాక్సీ బొంబాయి రోడ్ల మీద నుంచి తప్పుకున్నది 2023 అక్టోబర్ చివర్లో. కుర్లా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయి అప్పటికే 20 ఏళ్లు దాటింది. అంటే ఇప్పుడు దొరికేవి ఎవరో పాత అచ్చుల్లో తక్కువ తక్కువగా పోస్తున్నవి, లేదా కొట్లో మూలనపడి ఉన్నవి. మూలనపడి ఉన్నవాటిని మాత్రం ధర తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. మడిచి మెలితిప్పి చూడండి, మడత దగ్గర సన్నటి పగుళ్లు కనిపిస్తే అది మీ కారు మీద ఒక్క ఎండాకాలం కూడా ఆగదు.

ముందు అద్దం రబ్బర్లు రెండు రకాలు చూపించాడు. ఒకటి 700, ఇంకోటి 1,350. తేడా ఏంటంటే "అది లోకల్, ఇది ఈపీడీఎం" అన్నాడు. ఈపీడీఎం అనేది ఎండకు, గాలిలోని ఓజోనుకు తట్టుకునే సింథటిక్ రబ్బరు. మామూలు రబ్బరు ఆ ఓజోను వల్లే పగుళ్లిస్తుంది. మా ఊరి ఎండ సంగతి తెలుసు కదా, 1,350దే తీసుకున్నా. నిజంగా ఈపీడీఎమ్మా కాదా అని షాపులో తేల్చుకునే మార్గం నాకైతే లేదు, కానీ కోత సాఫుగా ఉంది, మూలల దగ్గర అతుకు వేలికి తగల్లేదు.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. మా పాత ముందు అద్దం టఫెన్డ్, అంటే వేడి చేసి గట్టిపరిచిన ఒకే పలక, వైపర్ గీతలతో నిండిపోయింది, కొత్తది ల్యామినేటెడ్, అంటే రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది వేయిస్తున్నాం. రెండింటి మందం ఒకటి కాదు. రబ్బరులో అద్దం కూర్చునే గాడి ఒక పక్క, బాడీ రేకు కూర్చునే గాడి ఇంకో పక్క ఉంటాయి, అద్దం మందం మారితే మొదటి గాడి సరిపోవాలి కదా. మా ఫిజిక్స్ సార్ దగ్గర ల్యాబు వెర్నియర్ క్యాలిపర్స్ అడిగి తీసుకుపోయా. కౌంటర్ మీద గోతం విప్పి, పాత ముక్క పక్కన కొత్తది పెట్టి క్యాలిపర్స్‌తో కొలుస్తుంటే షాపాయన తన కొడుకును పిలిచి చూపించాడు. ఎగతాళికో, మెచ్చుకోలుకో ఇప్పటికీ తెలీదు.

ఆ రోజు దొరికినవి: ముందు, వెనక అద్దాల రబ్బర్లు, వాటి గాడిలో దూర్చే క్రోమ్ బీడింగు, నాలుగు డోర్ల రబ్బర్లు, కిటికీ అద్దాలు జారే వెల్వెట్ ఛానల్, డిక్కీ రబ్బరు, పెడల్ రబ్బర్లు, వైర్లు దూరే చోట పెట్టే గ్రోమెట్లు గుప్పెడు. దొరకనివి ముందు డోర్లలో తిరిగే ముక్కోణపు అద్దం ఉంటుంది చూడండి, దాని రబ్బర్లు. బొంబాయి నుంచి తెప్పించి కొరియర్ చేస్తానన్నాడు, జత 850 ముందే కట్టించుకున్నాడు. పది రోజులన్నది దాదాపు నెల అయింది. వచ్చాక విప్పి చూస్తే రెండూ ఎడమవే. ఇవి అద్దంలో బొమ్మ కదా, ఎడమది కుడికి ఏం చేసినా ఎక్కదు. ఫోన్ చేస్తే "సరిగ్గా చూడండి మేడం" అంటాడు. ఫోటోలు పంపాక ఒప్పుకున్నాడు. కుడిది ఉగాది దాటి ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. అంతవరకు కుడి ముందు డోరు విప్పింది విప్పినట్టే.

ఈలోపు అద్దాలు బిగించే మనిషి కావాలి. కారు అద్దాల షాపులకు పోతే అక్కడ కుర్రాళ్లకు ఇప్పటి పద్ధతే తెలుసు, సీలెంటు పూసి అద్దాన్ని అంటించేయడం. రబ్బరుతో కూర్చోబెట్టే అద్దం అంటే "మేం చెయ్యం మేడం, పగిలితే మీరు మా మీద పడతారు" అన్నారు. నిజాయితీగానే చెప్పారు, నాకు కోపం రాలేదు. చివరికి దారి చూపింది మా నాయనే. "పాపా, లారీ అద్దాలు బిగించేటోళ్లను అడుగు, లారీలకు, బస్సులకు ఇంగా రబ్బరే గదా" అన్నాడు. ఎంత తిరిగినా నాకు తట్టనిది కుర్చీలో కూర్చుని చెప్పేశాడు. అట్లా దొరికాడు భాయ్. అరవై దాటుంటాయి, జీవితమంతా లారీ అద్దాలే. పద్మిని పేరు వినగానే "అరే, ఎన్నేండ్లాయె" అని మొహం వెలిగిపోయింది. రెండు అద్దాలకూ కలిపి 2,000 అన్నాడు. బేరమాడలేదు.

మార్చి 9, ఆదివారం. రంజాన్ నెల, భాయ్ ఉపవాసంలో ఉన్నాడు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు, కాబట్టి ఎండ ముదరకముందే అయిపోవాలని పొద్దున ఆరున్నరకే షెడ్డుకు వచ్చేశాడు. ఎండలో పెడితే రబ్బరు మెత్తబడుతుంది గానీ అంత పొద్దున్నే ఎండ ఎక్కడిది, బకెట్లో వేడినీళ్లు తెప్పించి రబ్బర్లు రెండూ ముంచి పెట్టాడు. మెకానిక్ పక్క నుంచి "కొంచెం డీజిల్ పూస్తే జర్రున జారుతుంది భాయ్" అని సలహా. భాయ్ వాడి వైపు చూడను కూడా చూడలేదు. పెట్రోలు, డీజిలు, ఇంజనాయిలు, గ్రీజు, ఇవేవీ ఈ రబ్బరుకు తగలకూడదు, ఉబ్బి మెత్తబడి పాడైపోతుంది. జారడానికి రూపాయి షాంపూ ప్యాకెట్లు నీళ్లలో కలిపాడు, అంతే.

వెనక అద్దం ముందు పెట్టాడు. అది టఫెన్డ్, మధ్యలో ఎంత ఒత్తినా ఓర్చుకుంటుంది, అంచు రేకుకు టక్కున తగిలిందంటే మొత్తం గుళ్లగుళ్ల కింద రాలిపోతుంది. అది పెద్ద గొడవ లేకుండా కూర్చుంది. ముందు అద్దం దగ్గరే చుక్కలు కనపడ్డాయి.

పని ఎలా చేస్తారో చెప్తా, ఎందుకంటే నేను లోపల కూర్చుని చేసిన పని ఇదొక్కటే. బల్ల మీద దుప్పటి పరిచి అద్దం పెట్టి, ముందు రబ్బరును అద్దం చుట్టూ తొడిగాడు. తర్వాత రేకు కూర్చోవాల్సిన గాడిలో చుట్టూ సన్నటి నైలాన్ తాడు దూర్చాడు, రెండు కొసలూ కింది భాగం మధ్యలో ఒకదాని మీదుగా ఒకటి మూరెడు పొడవు దాటేలా వదిలాడు. షాంపూ నీళ్లు పూసి, ఇద్దరు పట్టుకుని బయటి నుంచి అద్దాన్ని కిటికీకి ఆనించారు. తాడు కొసలు కారు లోపలికి, నా చేతికి. బయట భాయ్, మా ఆయన అరచేతులు పరిచి ఒత్తుతూ ఉంటే నేను తాడును నా వైపు కాకుండా అద్దం మధ్యకు వాలేలా నిదానంగా లాగాలి. తాడు బయటికొచ్చే కొద్దీ రబ్బరు లిప్పు, అంటే ఆ గాడి లోపలి అంచు, రేకు మీదుగా ఎగిరి లోపలి పక్కకు పడుతుంది. పడిన ప్రతిసారీ చిన్న శబ్దం, టప్పుమని. కింద భాగమంతా టప్ టప్ అని వచ్చేసింది, నేను మంచి హుషారులో ఉన్నా. నా కుడి పక్క పై మూల దగ్గరికి వచ్చేసరికి తాడు వచ్చింది గానీ లిప్పు రాలేదు, రేకుకూ అద్దానికీ మధ్య మడతపడిపోయింది. "అక్కడే ఆపండి మేడం!" అని బయట నుంచి కేక. ఇంకొంచెం ఒత్తితే మూలలోనే అద్దం చిట్లుతుందట. దగ్గర దగ్గర 5 వేల అద్దం. ఈ ఊళ్లో ఇంకోటి లేదు. నా చేతులు వణకడం నాకే తెలుస్తోంది.

మొత్తం తీసేసి మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అదే మూల. మూడోసారి పెట్టే ముందు భాయ్ ఆ మూల రేకును వేలితో తడిమి చూశాడు. పెయింటుకు ముందు పూసిన పుట్టీ రేకు అంచు మీద గట్టి పొరగా పేరుకుపోయి ఉంది, అందుకే లిప్పుకు చోటు చాలట్లేదు. పెయింటర్ ఊళ్లో లేడు. భాయే సాండ్ పేపరుతో నిదానంగా తీసి, తేలిన చోట ప్రైమరు పూసి, ఆరాక మళ్లీ తాడు దూర్చాడు. ఈసారి టప్పుమంది. అప్పటికి పదకొండు దాటింది, ఎండ మండిపోతోంది, ఆయన గొంతు పొడారిపోయి మాట రావట్లేదు. నాకు చాలా తప్పుగా అనిపించింది, మిగతాది ఇంకో రోజు చేద్దాం భాయ్ అన్నా. "బీడింగ్ ఎక్కియ్యకుండా పోతే రబ్బరు టైట్ కాదు" అని కూర్చున్నాడు. క్రోమ్ బీడింగు ఎక్కించే పనిముట్టు సైకిల్ చువ్వ వంచి ఆయనే చేసుకున్నది, కొసన పావలా అంత కంత. ఆ కంతలోంచి బీడింగును పోనిచ్చి గాడి వెంట చువ్వను లాగుతూ పోతే, చువ్వ గాడిని తెరుస్తుంది, వెనకాలే బీడింగు కూర్చుంటుంది. అద్దం చుట్టూ చేయి ఎత్తకుండా లాగేశాడు. రబ్బరు అతుకు, బీడింగు అతుకు ఒకే చోటికి రానివ్వలేదు, వస్తే నీళ్లకు అదే దారి అవుతుందన్నాడు.

తర్వాత పదో తరగతి పరీక్షల డ్యూటీ, ఆ తర్వాత పేపర్లు దిద్దడం, కారు ముట్టుకోలేదు. కుడి ముక్కోణపు రబ్బరు వచ్చాక ఒంటిపూట బడి అయిపోయిన మధ్యాహ్నాల్లో ఆ రెండు అద్దాల పని పట్టుకున్నాం. మొత్తం కారులో ఎక్కువ విసిగించింది అరచేయంత లేని ఈ ముక్కే. పాత రివెట్లు తీసి ఫ్రేము విప్పాలి, కొత్త రబ్బరు బిర్రుగా ఉండి అద్దం మూసుకోదు, గొళ్లెం బలవంతంగా తిప్పితే విరుగుతుంది. గొళ్లేలు ఇక దొరకవు. మెడికల్ షాపులో గ్లిజరిన్ సీసా తెచ్చి రబ్బరుకు రాసి, రోజూ కొంచెం కొంచెం మూస్తూ వారం తిప్పితే దారికొచ్చింది. గ్లిజరిన్ దేనికని అడిగిన షాపబ్బాయికి కారుకని చెప్తే ఇంకోసారి అడిగాడు.

డోర్ రబ్బర్లు వేసవి సెలవులు ఇచ్చాక, ఏప్రిల్ చివర్లో. వీటిని అంటించేది చెప్పుల పనిలో వాడే పసుపు గమ్ముతో. రెండు పక్కలా పూసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి, అప్పుడు ఒత్తాలి. డబ్బా మీద పది పదిహేను నిమిషాలు ఆగమని ఉంటుంది. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం పూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు పోయేలోపు ఎండిపోయి కూర్చుంటుంది. తెల్లవారి ఐదున్నరకు మొదలుపెట్టి ఒక్కో పొద్దుకు ఒక్కో డోరు చేశాం. కొత్త పెయింటు మీద ఆ గమ్ము చుక్క పడిందా పెయింటు పోతుంది, అంచు పొడవునా మాస్కింగ్ టేపు వేయండి. మూలల దగ్గర రబ్బరును సాగదీసి అంటించొద్దు, అది తర్వాత తన పొడవుకు తాను వెనక్కి పోయి అతుకు దగ్గర సందు పడుతుంది. అతుకు డోరు కింది వైపున ఉండేలా చూసుకుని, కొంచెం ఎక్కువే ఉంచి కోసి, రెండు కొసలనూ ఒకదానికొకటి ఒత్తి ఫెవిక్విక్ పెట్టాం.

అన్నీ అయ్యాక డోరు వేస్తే పడదు! నాలుగింటిలో మూడు పడవు. పెయింటుకు ముందు ఒక్క వేలితో పడిన డోర్లు. టింకరింగ్ మేస్త్రి హింజ్ దగ్గర సుత్తి పెడతానన్నాడు, నేను అడ్డం పడ్డా. భాయ్‌కి ఫోన్ చేస్తే "కొత్త రబ్బరు కదా మేడం, అణగాల. సగం లాకు మీద పెట్టి వదిలేయండి" అన్నాడు. పద్మిని డోరుకు రెండు లాకులు పడతాయి, మొదటిది సగం, రెండోది పూర్తిగా. సగం లాకు మీద ఎండలో పెట్టి వదిలేశాం. వారానికి రెండు డోర్లు దారికొచ్చాయి, మూడోదానికి మాత్రం స్తంభం మీద డోరు లాకు పడే స్ట్రైకర్ ప్లేటు స్క్రూలు వదులు చేసి వెంట్రుకవాసి బయటికి జరపాల్సి వచ్చింది.

డోరు పడినంత మాత్రాన చుట్టూ ఆనుకున్నట్టు కాదు. దీనికి నా బడి సామాను పనికొచ్చింది. సుద్దముక్కను పొడి చేసి రబ్బరు పొడవునా వేలితో పూసి, డోరు పూర్తిగా వేసి తీస్తే, ఎదుటి పెయింటు మీద ఆనిన చోటల్లా తెల్లగా అచ్చు పడుతుంది. మా ఎడమ వెనక డోరుకు పై భాగంలో, అద్దం ఫ్రేము వంపు తిరిగే చోట బెత్తెడు మేర తెలుపే లేదు. కంటికి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఫ్రేమును మోకాలి ఆసరాతో కొద్దిగా లోపలికి వంచారు, మళ్లీ సుద్ద పూశా, ఈసారి గీత తెగకుండా పడింది. మా నాయన కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చూశాడు ఈ తంతు. "కారుకు గూడా పరీక్ష పెడ్తాండావే" అని.

నీళ్ల పరీక్ష మే మొదట్లో. పైపుతో పట్టాలి, అదీ కింద నుంచి మొదలుపెట్టి పైకి. పై నుంచి పోస్తే నీళ్లు ఎక్కడ దూరాయో తెలీదు, అన్ని చోట్ల నుంచీ కారినట్టే ఉంటుంది. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. మా నాయనకు కోపమొచ్చింది. "మనం తాగడానికి ట్యాంకర్ తెప్పించుకుంటాంటే కారుకు పైపు పెడ్తావా?" న్యాయమే, అందుకే బకెట్టూ చెంబూతో కానిచ్చాం, టైం పట్టింది గానీ పని జరిగింది. ముందు అద్దం ఎడమ కింది మూల నుంచి సన్నగా డ్యాష్‌బోర్డు వెనక్కి దిగుతోంది. షెడ్డులో ఒకరు బాత్రూములకు వాడే సిలికాన్ ట్యూబు తెచ్చారు. పూసేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ కారు రేకు దగ్గర వాడొద్దు, ఆరేటప్పుడు దాంట్లోంచి వచ్చే యాసిడ్ రేకును తుప్పు పట్టిస్తుంది. గట్టిపడని విండ్‌స్క్రీన్ సీలెంటు వేరే దొరుకుతుంది, సన్నటి ముక్కుతో రబ్బరు లిప్పు ఎత్తి లోపలికి ఎక్కించాం. ఆగిపోయింది.

డోర్ల సంగతి విచిత్రం. లోపల చుక్క లేదు, కానీ డోరు వేస్తే లోపల బుడుంగుమని నీళ్ల చప్పుడు. కిటికీ అద్దం పక్క నుంచి డోరు లోపలికి కొంచెం నీళ్లు పోవడం మామూలే, ఎంత మంచి రబ్బరు వేసినా పోతాయి, అవి కింద ఉన్న చిన్న కంతల్లోంచి బయటికి పోవాలి. మా డోర్లకు ఆ కంతలు పుట్టీతో పూడ్చేశారు. వర్షాకాలమంతా అట్లా ఉండుంటే చేయించిన టింకరింగు మొత్తం గంగపాలు. తీగతో పొడిచి తెరిపించా. కిటికీ కింది పట్టీ క్లిప్పులు దూరే కంతలదీ ఇదే కథ, పెయింటు పేరుకుని క్లిప్పు దిగదు, ఆకురాయితో సాఫు చేసి, తేలిన రేకుకు బ్రష్‌తో పెయింటు తగిలించాకే బిగించుకోవాలి.

మే మూడో వారంలో ఒక సాయంత్రం గాలీ వానా వచ్చి కార్పెట్ తడవలేదు, దుమ్ము మాత్రం డిక్కీలోకి బాగా దూరింది. డిక్కీ రబ్బరు మందం తక్కువ, సుద్ద పెట్టి చూస్తే కింది వైపు అసలు ఆనట్లేదు. పాత ముక్కతో సరిపోల్చి తెచ్చినదే, కానీ లోపల స్పాంజ్ లాంటి భాగం మరీ మెత్తగా ఉండి అణిగిపోయింది. దుమ్ముతో పోతే పర్లేదు, డిక్కీ సరిగ్గా మూసుకోకపోతే వెనక నుంచి సైలెన్సర్ పొగ కూడా లోపలికి వస్తుంది, మా నాయనకు అసలే ఆయాసం. షాపాయన కోసిన రబ్బరు వెనక్కి తీసుకోనన్నాడు. ఇంకో 800 పెట్టి గట్టి రకం తెప్పించి జూన్ మొదట్లో వేయించా, మూత పడటానికి దానికీ వారం పట్టింది.

ఖర్చు: అద్దం కాక, రబ్బర్లు, బీడింగులు, ఛానళ్లు, గమ్ము, సీలెంటు అన్నీ కలిపి 13 వేల దాకా. భాయ్‌కి, మేస్త్రికి, హెల్పర్లకు ఇచ్చింది 6 వేలు. ప్రయాణాలు, కొరియర్లు వేరే. ఎస్టిమేట్‌లో మెకానిక్ రాసిన లైను 'రబ్బర్ వర్క్ 5,000', అంతే. మీ ఎస్టిమేట్‌లో కూడా అట్లాంటి లైనే ఉంటే ఏమేం రబ్బర్లో, ఎవరు తెస్తారో, ఎవరు బిగిస్తారో విడివిడిగా రాయించుకోండి. పెయింటుకు ముందే ఒక్క డోరుకైనా కొత్త రబ్బరు పెట్టి వేసి చూడమని అడగండి, సుత్తి పెట్టాల్సి వస్తే అప్పుడే పెట్టొచ్చు.

ఇంకా మిగిలినవి ఉన్నాయి. హైవే మీద అరవై దాటితే కుడి ముక్కోణపు అద్దం సన్నగా ఈల వేస్తుంది, దానికి రబ్బరు అణగాలో, గొళ్లెం సర్దాలో చూడాలి. వెనక లైట్ల కింద రబ్బరు గాస్కెట్లు ఎక్కడా దొరక్క ప్రస్తుతానికి లారీ ట్యూబు కోసి పెట్టించా, బాగానే ఉన్నాయి. ఒక ఎడమ ముక్కోణపు రబ్బరు ఎక్కువైంది, ప్యాకెట్ కూడా చింపలేదు. అనంతపురం చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా పద్మిని ఉండి ఎడమ వైపుదే కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తా. కుడిది మాత్రం అడగొద్దు.